మేనల్లుడి ఫోను పట్టుకెళ్లారు, పిన్ను కూడా రాయించుకున్నారు

బరంపురం_పట్టు
ఆదివారం, రాత్రి 9:40

నమస్కారం. ఇక్కడ చదివి పోవడమే గానీ రాయడం ఇదే మొదలు.

మా చెల్లిని సోంపేట ఇచ్చాం. దాని కొడుకు మా ఇంట్లో ఉండి ఇక్కడ ఒడిశా బరంపురంలో డిప్లొమా చదువుతున్నాడు. మొన్న గురువారం సాయంత్రం ఇంటికని బస్సెక్కాడు. హైవే మీద తనిఖీలో, బస్సులో సామాన్లు పెట్టే అర మీద ఒక గోనెసంచి దొరికింది. గంజాయి. సంచి నాది అన్నవాడు లేడు. కుర్రాళ్లని నలుగురిని కిందికి దింపి ఫోన్లు తియ్యమన్నారు. మావాడు తీశాడు. వేలు పెట్టమంటే పెట్టాడు.

వాట్సాప్ తిరగేస్తూ ఒక కానిస్టేబులు నా పేరు దగ్గర ఆగాడట. అక్కడ వాడు నాకు పంపిన మెసేజీ ఉంది: "మావయ్యా, సరుకు దిగింది. రెండు కట్టలు. రాత్రికి టెక్కలి పంపేద్దామా?"

మాది పట్టుచీరల వ్యాపారం. మగ్గాల దగ్గర కొని ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి షాపులకి వేస్తాం. చీరల్ని సరుకు అనకపోతే ఏమనాలి?

ఫోను తీసేసుకున్నారు. పిన్ను అడిగారు, చెప్పాడు. ఫోను వెనక తెల్ల టేపు ముక్క అంటించి దానిమీద బాల్‌పెన్నుతో ఆ ఆరంకెలూ రాశారు. అది వాడి నాన్న పుట్టినరోజు. బావ పోయి మూడేళ్లయింది. రెండు కాగితాల మీద సంతకం పెట్టించుకుని వేరే బస్సెక్కించి పంపేశారు. ఒక కాగితం నకలు చేతికిచ్చారట, కంగారులో ఎక్కడ పెట్టాడో వాడికే తెలీదు. వాడికి ఒరియా మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు.

ఏ స్టేషనో ఇక్కడ రాయను. అడిగేవి రెండే. పిన్ను చెప్పి తీరాలని చట్టంలో ఉందా? ఫోను ఎప్పటికి వస్తుంది?

---

గిరిసోల_రోడ్డు
ఆదివారం, రాత్రి 10:05

అన్నా, నేను లారీ తోలతాను. వారానికి మూడుసార్లు ఈ రోడ్డు. సరిహద్దుకి ఇటు గిరిసోల, అటు పురుషోత్తపురం, రెండు దగ్గర్లా ఆపుతారు. ఫోను అడిగితే తీసి ఇచ్చీడమే. మనకాడ ఏటుంది దాచడానికి? వాదన పెట్టుకుంటే రాత్రంతా అక్కడే. నా బండిలో ఎండు చేపలుంటాయి, ఆలీసం అయితే ఎవుడు కొంటాడు? గుంటడు ఇంటికొచ్చాడు కదా, అదే పదివేలు.

---

సెల్_డాక్టర్_రాయగడ
ఆదివారం, రాత్రి 10:30

పాపం, దాచడానికేమీ లేనివాడి ఫోనే అన్నా పోయింది.

బరంపురం అన్నా, ముందు పని. వేరే ఫోన్లోంచి వాడి గూగుల్ అకౌంటులోకి వెళ్తే ఫోను ఎక్కడున్నా మొత్తం చెరిపేయొచ్చు. ఫోను నెట్‌కి తగలగానే ఖాళీ అయిపోతుంది. కావాలంటే ఎలాగో రాస్తాను.

---

నల్లకోటు
ఆదివారం, రాత్రి 10:38

వద్దు! ఎవరూ చెరపకండి. రాయగడ తమ్ముడూ, మంచి మనసుతో చెప్పావు గానీ ఆ పని చేస్తే ఏ తప్పూ చేయని కుర్రాడు తప్పు చేసినవాడవుతాడు. సాక్ష్యంగా పనికొచ్చే ఎలక్ట్రానిక్ రికార్డును కావాలని నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షను 241 కింద నేరం.

నేను బరంపురం కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. పొద్దున్న తీరిగ్గా రాస్తాను. ఆలోపు ఒక్కటి చెప్పండి. ఫోను పిన్నూ, డబ్బులు పంపే యూపీఐ పిన్నూ ఒకటేనా?

---

బరంపురం_పట్టు
ఆదివారం, రాత్రి 10:44

ఒకటేనట. ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను.

---

నల్లకోటు
ఆదివారం, రాత్రి 10:47

అయితే ఇప్పుడే బ్యాంకు కస్టమర్ కేర్‌కి చేసి యూపీఐ ఆపించండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫోన్లో ఉన్నది ముట్టుకోనంతవరకు మనం సురక్షితం.

---

నల్లకోటు
సోమవారం, ఉదయం 7:15

మొదటి ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు లేదు. సుప్రీంకోర్టు ఈ పాస్‌వర్డు ప్రశ్న మీద ఇంకా తేల్చి చెప్పలేదు, కింద కోర్టులు తలోదారి పట్టాయి.

రాజ్యాంగం 20(3): నేరారోపణ ఉన్నవాడిని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు. 1961లో కాఠీ కాలూ ఒఘడ్ కేసులో పదకొండు మంది జడ్జీల ధర్మాసనం, వేలిముద్ర తీసుకోవడం, చేతిరాత నమూనా తీసుకోవడం ఇందులోకి రావని చెప్పింది. అవి ఒంటి గుర్తులు, బుర్రలోని మాట కాదు. 2010లో సెల్వి కేసులో నార్కో పరీక్ష, లై డిటెక్టరు మనిషి ఒప్పుకోకుండా చేయకూడదన్నారు, ఎందుకంటే అవి బుర్రలోంచి లాగేవి.

మరి పిన్ను ఒంటిదా, బుర్రదా? 2021 మార్చిలో కర్ణాటక హైకోర్టు వీరేంద్ర ఖన్నా కేసులో, పాస్‌వర్డు చెప్పమని ఆదేశించడం స్వీయ సాక్ష్యం కాదంది. 2022 అక్టోబరులో ఢిల్లీ సీబీఐ ప్రత్యేక కోర్టు దానికి ఎదురు చెప్పింది. పాస్‌వర్డు మనసులో ఉన్న సంగతి, బలవంతపెట్టడానికి లేదు, కానీ వేలిముద్ర, ముఖం తీసుకోవచ్చు అంది. 2023లో ఢిల్లీ హైకోర్టు ఒక బెయిలు ఉత్తర్వులో, పాస్‌వర్డు చెప్పలేదని నిందితుణ్ణి తప్పుపట్టలేమంది. ఇవేవీ కటక్ హైకోర్టును కట్టిపడేసేవి కావు, చూపించి వాదించుకోవచ్చు.

ఒకటి గమనించండి. పోలీసు వైపు చెప్పిన ఆ కర్ణాటక తీర్పే, ఫోను వెతకడమంటే ఇల్లు సోదా చేయడం లాంటిదే అంది. మామూలుగా వారంటు ఉండాలి, అంత వ్యవధి లేకపోతే కారణం కాగితం మీద పెట్టాలి. మొదటి సగం అందరూ చెప్తారు, రెండో సగం ఎవరూ చెప్పరు.

---

పాత_ఖాకీ
సోమవారం, ఉదయం 8:50

లాయరు గారి జ్ఞాపకశక్తికి దండం. ఎస్సైగా రిటైరయ్యాను, ఏ రాష్ట్రంలోనో అడక్కండి.

మా వైపు నుంచి ఒక మాట. దర్యాప్తులో ఇనప్పెట్టె తాళం పగలగొట్టమని కోర్టే అంటుంది. ఫోను దగ్గరికొచ్చేసరికి మాత్రం అది దేవుడి గర్భగుడి అయిపోతుందా? చిన్నపిల్లల బొమ్మలు తీసి అమ్మినవాడి ఫోను నా టేబులు మీద ఆరు నెలలు మూసుకుని పడుంది. వాడు ఎదురుగా కూచుని "మర్చిపోయాను సార్" అని నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నిద్రలో వస్తుంది నాకు. ఐటీ చట్టం 69 కింద డీక్రిప్ట్ చేయడానికి సహకరించకపోతే ఏడేళ్ల దాకా జైలు ఉంది, అదీ చట్టమే.

అట్లా అని టేపు మీద పిన్ను రాసి అంటించడాన్ని నేను సమర్థించను. అది బద్ధకం. మా రోజుల్లో బీరువా తాళంచెవి బీరువాకే వేలాడదీసేవాళ్లు, అదే బుద్ధి.

---

నల్లకోటు
సోమవారం, మధ్యాహ్నం 1:20

ఖాకీ గారూ, ఆ నవ్వు గురించి మీతో వాదించను. అలాంటి ఫోను తెరవాల్సిందే.

కానీ 69 ని రోడ్డు మీదికి తేకండి. ఆ ఆదేశం మామూలుగా రావాల్సింది కేంద్ర హోం సెక్రటరీ నుంచో, రాష్ట్ర హోం సెక్రటరీ నుంచో, రాతపూర్వకంగా. 2009 నిబంధనలు చదవండి. బస్సు పక్కన నిలబడి "తెరువ్" అంటే అది 69 కాదు.

ఇనప్పెట్టె పోలిక కూడా సగమే. పెట్టెను మీరు పగలగొట్టుకోండి, ఎవరూ అడ్డు చెప్పరు. పెట్టె యజమాని చేత "అందులో ఏముందో నాకు తెలుసు, అది నాదే" అనిపించుకోవడం వేరు. పిన్ను చెప్పినప్పుడు ఆ రెండో పని కూడా జరిగిపోతుంది.

ఇంకొకటి. మావాడు నిందితుడు కాదు కదా, 20(3) ఎలా వర్తిస్తుంది అని అడుగుతారు. దానికి జవాబు మన ఒడిశా నుంచే వచ్చింది. 1977లో మాజీ ముఖ్యమంత్రి నందినీ శతపథిని కటక్‌లో విజిలెన్స్ పోలీసులు రాసిచ్చిన ప్రశ్నలకి జవాబు చెప్పమన్నారు, ఆమె చెప్పనన్నారు, ఆమె మీద కేసు పెట్టారు. 1978లో సుప్రీంకోర్టు, మౌనంగా ఉండే హక్కు కోర్టు బోనులోనే కాదు, పోలీస్ స్టేషన్లోనే మొదలవుతుందని చెప్పింది. సాక్షిగా పిలిచినవాడైనా తనను కేసులోకి లాగే ప్రశ్నకి జవాబు చెప్పనక్కర్లేదని ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చింది) సెక్షను 180లో ఉంది.

---

గిరిసోల_రోడ్డు
సోమవారం, మధ్యాహ్నం 1:55

ఆవిడ ముఖ్యమంత్రండీ. నేను డ్రైవర్ని. నేను మౌనంగా ఉంటే ఏటవుతాదో ఆ తీర్పులో రాసారా?

---

నల్లకోటు
సోమవారం, మధ్యాహ్నం 2:10

లేదు. దెబ్బ పడితే అడ్డొచ్చేవాడెవడూ లేడు. అందుకే ఫోను ఇవ్వనని పెనుగులాడమని ఎవరికీ చెప్పను. ఇవ్వండి. "కాగితం ఇవ్వండి ఆజ్ఞా (ఒరియాలో 'అయ్యా' అన్నట్టు), పిన్ను మా లాయరు ఉన్నప్పుడు చెప్తాను" అని మెల్లిగా అడగండి. అక్కడ కుదరకపోతే ఇంటికొచ్చాక అదే రాసి ఎస్పీకి రిజిస్టర్ పోస్టు పెట్టండి.

---

బరంపురం_పట్టు
సోమవారం, రాత్రి 8:30

కొత్త సంగతి. చేతులు వణుకుతున్నాయి రాస్తుంటే.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఈ గొడవ విన్నాక దానికి అనుమానమొచ్చి, వాడికి పంపిన పాత మెసేజీ ఒకటి నొక్కి వివరాలు చూసింది. శుక్రవారం పొద్దున్న పంపిన "ఇల్లు చేరావా" అన్న మెసేజీ. దానికి నీలం టిక్కులు ఉన్నాయి. చదివిన సమయం శనివారం రాత్రి 11:20.

ఫోను గురువారం నుంచి వాళ్ల దగ్గరుంది. శనివారం రాత్రి 11:20కి దాన్ని తెరిచి చదివింది ఎవరు?

---

సెల్_డాక్టర్_రాయగడ
సోమవారం, రాత్రి 8:52

అన్నా, తొందరపడొద్దు. కాలేజీ ల్యాబులో కంప్యూటర్ మీద ఎప్పుడైనా వాట్సాప్ తెరిచాడేమో అడుగు. ఫోను చేతిలో లేకపోయినా లింకు చేసిన కంప్యూటర్లో 14 రోజుల దాకా నడుస్తుంది. అక్కడ ఎవడైనా తెరిచినా నీలం టిక్కు పడుతుంది.

---

బరంపురం_పట్టు
సోమవారం, రాత్రి 9:15

ఎప్పుడూ ఎక్కడా లింకు చేయలేదట. ల్యాబు శనివారం రెండింటికే మూసేస్తారు.

---

మహేంద్రతనయ
సోమవారం, రాత్రి 9:40

మాది పర్లాకిమిడి. ఇప్పటిదాకా చూస్తూ ఊరుకున్నాను. పిన్ను ఒంటిదా బుర్రదా అని అందరూ మాట్లాడుతున్నారు. ఆ ఫోన్లో వాడొక్కడే ఉన్నాడా?

నా ఫోను తీస్తే మా అత్తగారి బరంపురం ఆసుపత్రి రిపోర్టులు, మా అమ్మాయి పుష్పవతి ఫంక్షను ఫొటోలు, మా చెల్లి రాత్రుళ్లు మొగుడి గురించి ఏడుస్తూ పెట్టిన వాయిస్ మెసేజీలు ఉంటాయి. ఆమె నాకు పెట్టింది. ఎవరో శనివారం రాత్రి కూచుని వినడానికి పెట్టలేదు. అన్నయ్యా, మీ అమ్మాయి ఫొటోలు ఆ ఫోన్లో ఉన్నాయా లేదా, ఆ ఆలోచన మీకు ఇంకా వచ్చినట్టు లేదు. రాకపోతే బాగుండేది, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

---

బరంపురం_పట్టు
సోమవారం, రాత్రి 9:58

వచ్చిందమ్మా. రాయలేకపోయాను.

---

నిర్వాహకుడు
సోమవారం, రాత్రి 10:20

ఒక సభ్యుడు ఫలానా స్టేషను, ఫలానా ఆఫీసరు అని ఊహించి రాసిన పోస్టు తీసేశాను. ఊహలు వద్దు.

---

పాత_ఖాకీ
సోమవారం, రాత్రి 10:45

నీలం టిక్కు సంగతి నిజమైతే అది చాలా పెద్ద తప్పు. సీజు చేసిన ఫోనును స్విచ్చాఫ్ చేసో, సిగ్నలు అందని సంచిలో పెట్టో సీలు వేయాలి. ఫోరెన్సిక్ ల్యాబులో ముందు దాన్ని అచ్చంగా నకలు తీసి, హ్యాష్ విలువ లెక్కగట్టి, ఆ నకలు మీదే వెతకాలి. హ్యాష్ అంటే ఫైలుకి వేలిముద్ర అనుకోండి. లోపల ఒక్క అక్షరం మారినా అంకె మొత్తం మారిపోతుంది. కొత్త సాక్ష్య చట్టం 63 కింద ఇచ్చే సర్టిఫికెట్టులో ఆ అంకెకి గడి కూడా పెట్టారు. చేత్తో తెరిచి తిప్పిన ఫోను మీద రేపు ఏ లాయరైనా ఆడుకుంటాడు. నేనైతే సస్పెండు చేయించేవాణ్ణి.

---

ప్రాణహిత_ఒడ్డు
మంగళవారం, ఉదయం 6:30

మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. మీకు ఒరియా కాగితం, మాకు మరాఠీ పంచనామా, గంతే తేడా. నది అవతల కాళేశ్వరం, అక్కడ తెలుగుల రాస్తరు. ఇవతల మా తాతలు కూడ తెలుగే మాట్లాడిండ్రు గని పంచనామా సదువనీకి మనిషిని ఎతుకాలె.

జప్తు కాగితం సిన్న సంగతి అనుకోకుండ్రి. మావోయిస్టులతోని సంబంధం ఉన్నదని ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్ సాయిబాబ మీద పెట్టిన కేసు మా జిల్లా సెషన్స్ కోర్టులనే నడిచింది, 2017ల యావజ్జీవం వేసిండ్రు. 2024 మార్చి 5 నాడు బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ బెంచి కొట్టేసింది. ఇంట్ల దొరికినయి అన్న ఎలక్ట్రానిక్ వస్తువుల జప్తునే ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేకపోయింది అని రాసిండ్రు. ఏడేండ్ల తర్వాత. గా అక్టోబర్‌లనే మనిషి పోయిండు.

మీ పోరగాని కాగితం ముందుగాల ఎతుకుండ్రి.

---

బరంపురం_పట్టు
మంగళవారం, సాయంత్రం 5:10

కాగితం దొరికింది. ఉతికిన ప్యాంటు జేబులో. మా చెల్లి నాలుగు మడతలు విప్పి, ఇస్త్రీపెట్టె పెట్టి ఆరబెట్టి ఫొటో పంపింది. కార్బన్ నకలు కాబట్టి పూర్తిగా చెదిరిపోలేదు. పేర్లు కప్పి కింద పెడుతున్నాను. ఒరియా బాగా చదివేవాళ్లు చెప్పండి.

---

జయపురం_మాస్టారు
మంగళవారం, సాయంత్రం 6:45

చదివాను బాబూ. రెండుచోట్ల సిరా అలుక్కుపోయింది, మిగతాది స్పష్టంగానే ఉంది. తెలుగు చేస్తున్నాను:

"నల్లరంగు మొబైలు ఫోను ఒకటి. వాడినది. అద్దానికి మూలన బీట. పై వ్యక్తి తన ఇష్టపూర్వకముగా, ఎవరి ఒత్తిడి లేకుండా, ఫోనును మరియు దాని రహస్య సంఖ్యను అప్పగించెను. చదివి వినిపించగా సరియని ఒప్పుకొని సంతకము చేసెను."

సాక్షులు ఇద్దరు. ఒకరి వృత్తి బస్సు క్లీనరు అని ఉంది, రెండోది అలుక్కుపోయింది. సెక్షను రాయాల్సిన చోట ఖాళీ. ఐఎంఈఐ (ఏ ఫోనో గుర్తుపట్టే) నంబరు లేదు. సీలు వేసినట్టు మాట లేదు.

సంతకం మాత్రం ముత్యాల్లాంటి తెలుగు అక్షరాల్లో ఉంది. పైన ఉన్నదంతా తనకు రాని లిపి, కింద తన పేరు తనకొచ్చిన లిపి. 1936 ఏప్రిల్ 1న గంజాం జిల్లాను మద్రాసు నుంచి విడదీసి గీత గీసినప్పటినుంచి మన వాళ్లు ఇలాగే సంతకాలు పెడుతున్నారు. భూముల కాగితాల మీద మా నాన్నగారూ ఇలాగే పెట్టారు. అది వేరే కథ, ఇక్కడ వద్దు.

---

నల్లకోటు
మంగళవారం, సాయంత్రం 7:30

మాస్టారూ, మీకు వెయ్యి నమస్కారాలు. ఈ కాగితమే మన కేసు.

"ఇష్టపూర్వకముగా" అన్న మాట చూడండి. బలవంతపెట్టకూడదు అన్న 20(3)ని దాటడానికి అది వాళ్ల వంతెన. ఇష్టంతో ఇచ్చాడంటే ఇక కర్ణాటక తీర్పా ఢిల్లీ తీర్పా అన్న చర్చే రాదు. మన పోరాటం పిన్ను చెప్పాలా వద్దా అన్నదాని మీద కాదు, ఆ ఒక్క మాట మీద.

"చదివి వినిపించగా" అన్నారు. ఏ భాషలో? దీనికి వాళ్లే సాక్ష్యం చూపించాలి. 2024 జూలై 1 నుంచి సోదా, జప్తు జరిగే తీరంతా, సాక్షులు సంతకాలు పెట్టేదాకా, వీడియో తీసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకి పంపాలి. నాగరిక్ సురక్షా సంహిత 105. ఆ వీడియో ఉందా అని అడుగుదాం. ఉంటే కుర్రాడి ముఖంలో ఎంత ఇష్టం ఉందో జడ్జిగారే చూస్తారు. లేకపోతే ఎందుకు లేదో వాళ్లు చెప్పాలి.

ఒక చిన్న ముచ్చట. వస్తువు తెచ్చి హాజరుపరచమని సమను ఇచ్చే సెక్షను 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 94. తర్వాత 91 అయింది. ఇప్పుడు మళ్లీ 94కే వచ్చింది, ఈసారి ఎలక్ట్రానిక్ పరికరాల్ని పేరు పెట్టి చేర్చారు. పాత 94 నిందితుడికి వర్తించదని 1965లో సుప్రీంకోర్టు గుజరాత్ కేసు ఒకదాన్లో చెప్పింది. కొత్త 94 దగ్గర అదే వాదన మళ్లీ మొదటినుంచి చేసుకోవాలి. మా కడుపులు నిండుతాయి, అదొక్కటే లాభం.

బరంపురం అన్నయ్యా, రేపు పదింటికి కోర్టు దగ్గరికి రండి. ఎస్పీకి ఉత్తరం, ఎస్‌డిజెఎం (సబ్ డివిజన్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు) కోర్టులో ఫోను మధ్యంతరంగా తిరిగి ఇప్పించమని పిటిషను, రెండూ వేద్దాం. నీలం టిక్కు వివరాలున్న స్క్రీన్‌షాట్ తీయండి. మీ అమ్మాయి ఫోను రీసెట్ చేయకండి, అమ్మకండి, ఆ చాటు చెరపకండి. దానికీ 63 సర్టిఫికెట్టు కావాలి.

---

సెల్_డాక్టర్_రాయగడ
మంగళవారం, రాత్రి 9:05

నాకో సందేహం లాయరు గారూ. డూప్లికేట్ సిమ్ము తీసుకుని కొత్త ఫోన్లో వాట్సాప్ తెరిస్తే పాత ఫోన్లో దానంతటదే లాగౌట్ అవుతుంది. లోపల ఏదీ చెరగదు. అప్పుడు కొత్తగా వచ్చేవైనా ఎవడూ చదవలేడు కదా?

---

నల్లకోటు
మంగళవారం, రాత్రి 9:20

మంచి ఆలోచనే. ఉత్తరంలో "ఫలానా కారణంగా సిమ్ము మారుస్తున్నాం" అని ముందు రాసి, అది చేరాక మారుద్దాం. అయితే మార్చామంటే ఆ నీలం టిక్కు తలుపు కూడా మూసుకుంటుంది, మళ్లీ ఎవరైనా తెరిచినా మనకి తెలియదు. రెండ్రోజులు ఆగి చూద్దామా? అది మీ కుటుంబం నిర్ణయం, నాది కాదు.

---

సెల్_డాక్టర్_రాయగడ
మంగళవారం, రాత్రి 10:00

ఈలోపు చదివేవాళ్లకి పనికొస్తుందని ఫోను సంగతి కాస్త చెప్తాను. షాపులో రోజూ వినే ప్రశ్న: "పోలీసోళ్లు లాక్ తీసీగలరా?"

ఫోన్లో ఫొటోలు, మెసేజీలు గందరగోళం చేసిన రూపంలో ఉంటాయి. వాటిని సరిచేసే తాళం, మీ పిన్నూ చిప్పులో కాల్చి పెట్టిన రహస్యం కలిస్తేనే తయారవుతుంది. అందుకే మెమరీ చిప్పు ఊడదీసి వేరే బోర్డుకి అంటిస్తే చెత్త తప్ప ఏమీ రాదు. ఒక కస్టమర్ పోయిన భార్య ఫొటోల కోసం నా కాళ్లు పట్టుకున్నాడు, నా వల్ల కాలేదు. ఆరంకెల పిన్నుకి పది లక్షల రకాలు. మిషను పెట్టి వరసగా కొడదామంటే తప్పు పడేకొద్దీ చిప్పు ఆలస్యం పెంచుతుంది.

అమెరికాలో ఎఫ్‌బిఐ అంతటిదే ఇక్కడ ఆగింది. 2015 డిసెంబరులో శాన్ బెర్నార్డినోలో 14 మందిని చంపినవాడి ఐఫోన్ 5సి. పది తప్పులకి చెరిగిపోతుందేమోనని భయం. ఆ అడ్డు తీసే సాఫ్ట్‌వేరు రాసివ్వమని 2016 ఫిబ్రవరిలో యాపిల్‌కి కోర్టు ఆర్డరు వేసింది. అదీ 1789 నాటి చట్టం పట్టుకుని! ఒక్క ఫోనుకని రాస్తే అన్ని ఫోన్లకీ పనికొస్తుందని యాపిల్ కాదంది. మార్చి ఆఖర్లో ఎఫ్‌బిఐ వేరేవాళ్ల చేత తెరిపించుకుని కేసు వదిలేసింది.

అంటే తెరిచే మిషన్లు లేవని కాదు. ఇజ్రాయెల్ వాళ్ల సెలబ్రైట్ లాంటివి ఉన్నాయి. ఒకసారి పిన్ను కొట్టి వాడుతున్న ఫోను లొంగినంత సులువుగా, ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేసి పిన్ను కొట్టని ఫోను లొంగదు. ఆన్ చేసిన వెంటనే వేలిముద్ర తీసుకోకుండా పిన్నే అడుగుతుంది చూశారా, కారణం అదే. తనిఖీ కనపడగానే ఆఫ్ చేస్తే వేలు పెట్టమన్నా లాభం ఉండదు. చట్టం సంగతి నాకు తెలీదు, ఫోను సంగతి చెప్పాను.

---

పాత_ఖాకీ
మంగళవారం, రాత్రి 10:25

తనిఖీ దగ్గర పోలీసు చూస్తుండగా ఫోను ఆఫ్ చేస్తే ఏమనుకుంటాడో కూడా చెప్పు తమ్ముడూ. నేనైతే ముందు నిన్నే దింపుతాను.

---

మహేంద్రతనయ
బుధవారం, ఉదయం 7:40

2021లో హైదరాబాదులో రోడ్డు మీద ఆపి వాట్సాప్‌లో గంజాయి అని కొట్టి వెతికిన వీడియోలు అందరం చూశాం. అప్పుడు ఎంత గోల అయింది! ఇక్కడ మన రోడ్డు మీద జరిగితే వీడియో తీసేవాడు కూడా లేడు. తీయడానికి ఫోను వాళ్ల చేతిలోనే ఉంటుంది కదా.

---

నల్లకోటు
బుధవారం, సాయంత్రం 4:50

ఉత్తరం అందజేశాం, రసీదు తీసుకున్నాం. పిటిషను వేశాం. శుక్రవారం వాయిదా.

2023 నవంబరులో సుప్రీంకోర్టు, ఫోన్లు, ల్యాప్‌టాపుల జప్తుకి నియమాలు రాయమని కేంద్రానికి చెప్పింది. మీడియా వాళ్లు వేసిన కేసు అది. అవి వచ్చేదాకా కేంద్ర సంస్థలు సీబీఐ 2020 మాన్యువల్ ప్రకారం నడుస్తాయని డిసెంబరులో కేంద్రం చెప్పింది. మన రోడ్డు మీద ఉన్నది రాష్ట్ర పోలీసు. అయినా పిటిషనులో రాశాను. జడ్జిగారు చదివితే చదువుతారు.

---

గిరిసోల_రోడ్డు
బుధవారం, రాత్రి 11:30

లాయరు గారూ, ఈ రోజు తనిఖీలో ఫోను అడిగారు. "ఇస్తాను ఆజ్ఞా, కాగితం రాసిచ్చి పట్టుకెళ్లండి" అన్నాను. ఒకాయన నన్ను కిందనించి పైదాకా సూసి, "ఏ కాగితం బే" అన్నాడు. తర్వాత నవ్వీసి పొమ్మన్నాడు. కాళ్లల్లో వణుకు ఇచ్ఛాపురం దాటీదాకా తగ్గలేదు. రేపు ఇంకోడుంటాడు, ఆడు నవ్వుతాడో లేదో.

---

బరంపురం_పట్టు
గురువారం, రాత్రి 10:10

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. వారం అయింది.

నిన్న ఉత్తరం ఇచ్చాక మధ్యాహ్నం రెండున్నరకి మా అమ్మాయి వాడి నంబరుకి ఉత్త చుక్క ఒకటి పెట్టింది. ఒకటే బూడిద టిక్కు. అంతకుముందు రోజుదాకా ఏది పంపినా రెండు టిక్కులు వెంటనే పడేవి. ఫోను ఆఫ్ చేశారన్నమాట. రాయగడ తమ్ముడు చెప్పినట్టు ఇప్పుడది గట్టి తాళం వేసుకుని ఉంటుంది, తాళంచెవి మాత్రం వీపు మీదే ఉంది.

రేపు చీరల బిల్లు పుస్తకం పట్టుకురమ్మన్నారు లాయరు గారు. ఆ రెండు కట్టల బిల్లు దొరికింది. ఇరవై నాలుగు చీరలు, టెక్కలి షాపు సంతకంతో సహా. మేనల్లుడు సోంపేట నుంచి పొద్దున్న బస్సుకి వస్తానన్నాడు. బస్సొద్దు, నేనే బండి మీద వచ్చి తీసుకొస్తానన్నాను. ఒప్పుకోలేదు.

సిమ్ము ఇంకా మార్చలేదు. మా చెల్లి ఒక్కరోజు ఆగమంది. రోజూ రాత్రి పడుకునే ముందు అది కూడా వాడి నంబరుకి ఏదో ఒకటి పెట్టి చూస్తోంది. వాడు పక్క గదిలోనే పడుకుని ఉంటాడు. ఇందాక పెట్టినదానికి ఒకటే టిక్కు.